క్రొవ్వు పొరయు ద్వారపాలకులును



మన సంఘపు వార్షికోత్సవములలో ప్రసంగమనగా ప్రబంధకవులను గూర్చియో, త్యాగరాజస్వామి కృతులను గూర్చియో, మన ప్రాంతపు శాసనములను గూర్చియో ఉండుట వాడుక. ఈ సంవత్సరము కార్యదర్శిగారికి వేఱొక కోరిక కలిగినది. శాస్త్రవిషయమొకటి తెలుగులో చెప్పింపవలెననియు, దానిని శాస్త్రజ్ఞునిచేత గాక నావంటివానిచేత చెప్పింపవలెననియు వారి సంకల్పము. నేను చరిత్రయు అర్థశాస్త్రమును చదివి పట్టము పుచ్చుకొన్నవాడను. ఇరువది యేండ్లుగా నేనెఱిగిన ప్రయోగశాల ఫైళ్ల గదియే. "నన్నేల పట్టుకొంటిరండీ?" అని అడిగితిని. "మీకు అర్థమైనచో సభలో అందఱికిని అర్థమగును" అని వారు నిర్మొగమాటముగా సెలవిచ్చిరి. ఆ మాటలోని న్యాయమును కాదనలేక ఆరు నెలలు ఈ విషయమును చదివితిని. చదివినకొలది ఆశ్చర్యము పెరిగినది. ఆ ఆశ్చర్యములో కొంత మీకు పంచిపెట్టుటయే నా పని.

విషయమిది. మన శరీరమందలి ప్రతి జీవకణమును ఒక సన్నని పొర చుట్టియుండును. ఆ పొర ప్రధానముగా క్రొవ్వుతో ఏర్పడినది. దానిలో అక్కడక్కడ మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, ద్వారపాలకులవలె నిలిచి లోనికి రావలసినవానిని రానిచ్చుచు, వెలుపలికి పోవలసినవానిని పంపుచుండును. చిరకాలము శాస్త్రజ్ఞులు ద్వారపాలకులను మాత్రమే లెక్కించి, వారు నిలిచిన గోడను లెక్కింపరైరి. ఆ గోడయే ద్వారపాలకుని పనిని నిర్ణయించుచున్నదన్న సంగతి ఇటీవలి అర్ధశతాబ్దిలోనే స్పష్టపడినది.

మొదట క్రొవ్వును గూర్చి చెప్పవలెను. ఇందుకు ఢిల్లీ చలికాలమునకు మించిన పాఠశాల లేదు. పౌషమాసమున మన వంటయింటిలోని నేయి ఱాయివలె పేరియుండును. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, తలకు రాచుకొనవలెనన్న సీసాను ఎండలో పెట్టవలసివచ్చును. దాని ప్రక్కనే ఉన్న నువ్వులనూనె మాత్రము ఏమియు ఎఱుగనట్లు పలుచగా జాఱుచుండును. కారణమేమి? క్రొవ్వు అణువులకు కర్బన పరమాణువుల పొడవైన గొలుసులు తోకలవలె ఉండును. నేతిలోను కొబ్బరినూనెలోను ఈ తోకలు ఎక్కువగా తిన్ననివి. తిన్నని కఱ్ఱలను మోపు కట్టినట్లు అవి దగ్గఱగా ఒదిగి గట్టిపడును. నువ్వులనూనె తోకలలో ద్విబంధములుండుటచేత నడుమ వంకరయుండును. వంకర కఱ్ఱలు మోపునకు లొంగవు, సందులు మిగిలిపోవును. అందుచేత అది గడ్డకట్టదు. ఈ తిన్నదనమును వంకరయును జ్ఞాపకముంచుకొనుడు; ముందు మఱల అవసరపడును.

కణపు పొరలోని క్రొవ్వు సరిగా నేయి వంటిది కాదు. నేతి అణువునకు మూడు తోకలుండగా, పొరలోని ముఖ్యమైన క్రొవ్వునకు, అనగా ఫాస్ఫోలిపిడునకు, రెండు తోకలును భాస్వరముతో కూడిన ఒక తలయు ఉండును. తలకు నీరనిన ప్రీతి, తోకలకు నీరనిన భీతి. ఇట్టి అణువులను నీటిలో వేసినచో అవి తమంతట తామే రెండు వరుసలుగా నిలుచును. తలలు రెండు వైపులను నీటిని చూచుచుండగా తోకలు నడుమ ఒకదానికొకటి ఎదురుగా దాగుకొనును. మేస్త్రి లేడు, నక్షా లేదు, అయినను గోడ సిద్ధము.

ఈ గోడ రెండు వరుసలదని తెలిసిన విధము ముచ్చటైనది. 1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను నగరములోని క్లాఫం చెఱువుపై చెంచాడు నూనె పోసి, అది అరయెకరము మేర వ్యాపించి అలల నణచివేసినదని రాయల్ సొసైటీవారికి వ్రాసెను. నూనె అణువు మందమున పఱచుకొన్నదన్న ఊహ ఆయనకు లేదు. ఆ లెక్కను తరువాతివారు కట్టిరి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అను ఇద్దఱు డచ్చి శాస్త్రజ్ఞులు ఎఱ్ఱ రక్తకణములనుండి క్రొవ్వును తీసి నీటిపై పఱచి వైశాల్యమును కొలిచిరి. కణముల ఉపరితలమునకు అది సరిగా రెండింతలుగా కనబడినది. కావున పొర రెండు వరుసలదనిరి. వారు క్రొవ్వునంతటిని తీయలేకపోయిరనియు, కణముల వైశాల్యమును తక్కువగా లెక్కించిరనియు పిమ్మట తేలినది. రెండు పొరపాట్లును ఒకదానినొకటి కొట్టివేసికొని సరియైన సమాధానము వచ్చినది! మన కార్యాలయములలో కూడ అప్పుడప్పుడు ఇట్టి లెక్కలు సరిపడుచుండుట ఆడిటువారెఱుగుదురు.

ఈ పొర మందము సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన అందులో అయిదు భాగములన్నమాట. ఇంత పలుచనిదైనను ఇది గట్టి కాపలా. ప్రాణవాయువు దీనిలోనుండి సులువుగా పోవును. కాని విద్యుదావేశము గల సోడియము, పొటాషియము, కాల్షియము వంటి అయానులు గాని, పంచదార వంటి నీటిలో కరుగు పదార్థములు గాని తోకల నడిమి నూనెను దాటలేవు. కావున వానికి ద్వారములు కావలెను. పొరకు ఈ వైపునుండి ఆ వైపునకు పాఱియుండు రవాణా మాంసకృత్తులే ఆ ద్వారములు.

వీనిలో ముఖ్యమైనది సోడియము పొటాషియము పంపు. 1957లో డెన్మార్కు దేశస్థుడు యెన్స్ స్కో ఎండ్రకాయల నరములలో దీనిని కనుగొనెను; నలువది యేండ్లకు, 1997లో, నోబెల్ బహుమానము లభించెను. ఈ పంపు ఒక్కొక్క త్రిప్పునకు మూడు సోడియము అయానులను వెలుపలికి నెట్టి, రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చును. ఇందుకు ఏ.టీ.పీ. అను పదార్థపు అణువొకటి ఖర్చగును. మన నరములు వార్తలను మోయుటకు, గుండె కొట్టుకొనుటకు ఈ పంపు నిలిపియుంచు తేడాయే మూలము. మనము ఏమియు చేయక పడక కుర్చీలో వాలియున్న వేళ కూడ శరీరము వ్యయించు శక్తిలో సుమారు ఐదవ వంతు దీనికే పోవునని అంచనా.

ఏ.టీ.పీ. పేరు వచ్చినపుడు తెలుగువాడు ఒక్క క్షణమాగవలెను. దీనిని 1929లో జర్మనీలో లోమాన్ ఒకవైపునను, అమెరికాలో హార్వర్డునందు ఫిస్కె, యల్లాప్రగడ సుబ్బారావు మఱియొకవైపునను కనుగొనిరి. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించినవారు. అంతకుముందే, 1925లో, భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురును ప్రకటించిరి. ఫాస్ఫోలిపిడులలో భాస్వరముండునని చెప్పితిని గదా. పొరలోని క్రొవ్వు ఎంతయున్నదో కొలుచుటకు ప్రయోగశాలలలో తరతరములుగా వాడుచున్న పద్ధతులు దానినుండి పుట్టినవే. పంపునకు ఇంధనమును, గోడను కొలుచు కొలబద్దను కనుగొన్నవారిలో మనవారొకరున్నారనుట అతిశయోక్తి కాదు.

1972లో సింగర్, నికల్సన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు పొరకు ఒక చిత్రము గీచిరి. క్రొవ్వు కదలుచుండు సముద్రము. మాంసకృత్తులు దానిలో తేలియాడు మంచుకొండలు. ఆ చిత్రము పాఠ్యపుస్తకములకెక్కి ఇప్పటికిని పిల్లలు గీయుచున్నారు. అది గొప్ప చిత్రమే. కాని సముద్రమును చూచినవాడెవడు? అందఱి కన్నులును మంచుకొండలపైననే పడినవి. క్రొవ్వు కేవలము ఖాళీ స్థలమును నింపు సామగ్రి యన్న భావము బలపడినది.

ఆ భావమునకు అడ్డుతగిలినవారు మాంసకృత్తులను పొరనుండి విడదీయబోయినవారే. పొరను సబ్బు వంటి ద్రావకముతో కరగించి పంపును శుద్ధిచేయుదురు. అధికముగా శుద్ధిచేసి దానినంటియున్న క్రొవ్వునంతయు కడిగివేసినచో పంపు పని మానివేయును. మఱల తగిన క్రొవ్వును చేర్చినచో, ఆలస్యము కానిచో, తిరిగి పని ప్రారంభించును. పాత క్వార్టర్లలో కాపురమున్నవారికి ఒక పోలిక చెప్పెదను. వానకాలమున తలుపు బిగిసిపోవును. తలుపు చెక్క అదే, గడియ అదే, బందులు అవే. చెమ్మకు ద్వారబంధము ఉబ్బుటచేత తలుపు కదలదు. తలుపును మాత్రమే పరీక్షించు వడ్రంగికి దోషము దొరకదు.

కండరములలో కాల్షియమును తోడు పంపు ఒకటి కలదు. కండ బిగిసిన పిమ్మట మఱల సడలవలెనన్న ఆ పంపు కాల్షియమును ప్రక్క అఱలలోనికి తోడివేయవలెను. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున ఆంథొనీ లీ, ఆయన తోడివారు దీనిని వేర్వేఱు పొడవుల తోకలు గల క్రొవ్వులలో నిలిపి చూచిరి. తోకలో 18 కర్బన పరమాణువులున్నపుడు పంపు చక్కగా పనిచేసినది. 14కు తగ్గించిన మందగించినది. 24కు పెంచినను మందగించినది. కారణము ఊహింపదగినదే. మాంసకృత్తు నడిమి భాగము నీటికి భయపడునది. అది తోకల మందములో సరిగా ఇమిడియుండవలెను. గోడ సన్నమైనచో ఆ భాగము నీటిలోనికి పొడుచుకొనివచ్చును. మందమైనచో తలలుండవలసిన భాగము నూనెలో మునుగును. రెండును సరిపడవు గనుక మాంసకృత్తు వంగియో ఒఱగియో సర్దుకొనును. ఆ సర్దుబాటులో పని చెడును.

మందము ఒక్కటే కాదు, తలల ఆవేశము కూడ ముఖ్యము. దీనిని త్వరగా దాటెదను. 1998లో రాడెరిక్ మకినన్ ఆకృతిని వెల్లడించిన ఒక బాక్టీరియా పొటాషియము ద్వారమున్నది. ఋణావేశము గల క్రొవ్వులు దగ్గఱ లేనిదే అది సరిగా తెఱచుకొనదు. అట్లే మన గుండెలోని కొన్ని ద్వారములు పొర లోపలి వరుసలో అత్యల్పముగా ఉండు పిప్-టూ అను క్రొవ్వు వచ్చి తాకినగాని పనిచేయవని 1996లో హిల్గెమన్, బాల్ చూపిరి. పెద్ద కార్యాలయమున ఒక చిన్న పొడి అక్షరము లేక ఫైలు కదలకుండుట వంటిదే ఇది. ఇంతకంటె ఎక్కువ పోలిక వలదు. మన ఫైళ్లకంటె అవి వేయిరెట్లు వేగముగా కదలును.

ఇక నాకు నిద్రపట్టనీయని ప్రయోగమును చెప్పెదను. మన ప్రేగులలో నివసించు ఇ.కోలై అను బాక్టీరియాకు పాలలోని చక్కెరను లోనికి తెచ్చు మాంసకృత్తు ఒకటి కలదు. అది సన్నని దారమువలె తయారై, పొరను పండ్రెండు మారులు అటునిటు కుట్టినట్లు దూరియుండును. ఆ బాక్టీరియా పొరలోని ఫాస్ఫోలిపిడులలో నూటికి 70 పాళ్లు, అంతకు పైగా కూడ, ఒకే జాతి క్రొవ్వు. దానికి ఫాస్ఫటిడిల్ ఇథనాలమైను అని పెద్ద పేరు. అమెరికాలో హూస్టను నగరమున విలియం డౌహన్, మిఖాయిల్ బొగ్డనోవ్ అనువారు ఈ క్రొవ్వును తయారుచేయలేని బాక్టీరియాను సృష్టించిరి. మాంసకృత్తునకు సంబంధించిన జన్యువును ముట్టలేదు. అక్షరము మారలేదు. అయినను ఏమైనదో చూడుడు. పండ్రెండు కుట్లలో మొదటి ఆరును తలక్రిందులైనవి. వెలుపల ఉండవలసిన మలుపులు లోపలను, లోపల ఉండవలసినవి వెలుపలను చేరినవి. చక్కెరను ఎక్కువ ఉన్నచోటినుండి తక్కువ ఉన్నచోటికి దొరలించుట మాత్రము మిగిలి, ఎదురు వాలున మోసికొనివచ్చు శక్తి పోయినది.

ఇంతకంటె వింత ముందున్నది. పిమ్మట ఆ బాక్టీరియాచేత మఱల ఆ క్రొవ్వును తయారుచేయించిరి. తలక్రిందులైన మాంసకృత్తు, అప్పటికే పొరలో కుదురుకొని యున్నది, తిరిగి తిన్నగా నిలిచి మోయుటకు మొదలుపెట్టినది.

మాంసకృత్తు ఆకృతి దాని అమినో ఆమ్లముల వరుసలోనే వ్రాయబడియున్నదని మనకు చెప్పుదురు. అది సత్యమే, కాని సంపూర్ణ సత్యము కాదు. అదే వ్రాతను చదువు చోటు మారినపుడు అర్థము మారినది. నేను శాస్త్రజ్ఞుడను కాను గనుక దీనినుండి వేదాంతము తీయను. కాని జన్యువును చదివినంతనే జీవిని చదివినట్లేయని పత్రికలలో వ్రాయువారు ఈ బాక్టీరియాను ఒకమాఱు తలచుకొనవలెనని మాత్రము మనవి చేసెదను.

మనుష్యుల సంగతికి వత్తము. కణములలో మైటోకాండ్రియాలను చిన్న కొలుములున్నవి; ఏ.టీ.పీ. అధికముగా అచ్చటనే తయారగును. తయారైన ఏ.టీ.పీ. వెలుపలికి పోవలెను, ఖర్చయిన సరకు లోనికి రావలెను. ఈ మార్పిడి చేయు మాంసకృత్తు కొలిమి లోపలి పొరలో ఉన్నది. ఒక దినమున మన శరీరములో ఇట్లు మాఱు ఏ.టీ.పీ. మన శరీరపు బరువుతో పోల్చదగినంత యుండును. ఆ మాంసకృత్తు ఆకృతిని 2003లో వెల్లడించినపుడు దానినంటి కార్డియోలిపిన్ అను క్రొవ్వు అణువులు కనబడినవి. సాధారణ ఫాస్ఫోలిపిడునకు రెండు తోకలుండగా దీనికి నాలుగు. దీనిని 1940వ దశాబ్ది ప్రారంభమున న్యూయార్కులో మేరీ పాంగ్బోర్న్ అను శాస్త్రజ్ఞురాలు ఎద్దు గుండెనుండి తీసెను. పేరు అందుచేతనే వచ్చినది. మన ఆసుపత్రులలో గర్భవతులకు చేయు వీ.డీ.ఆర్.ఎల్. అను రక్తపరీక్షలో వాడునది ఈ కార్డియోలిపినే. ఎవరును దాని పేరడుగరు.

ఈ క్రొవ్వు తోకలను సరిచేయు జన్యువు చెడినచో బార్త్ వ్యాధి యను అరుదైన రుగ్మత కలుగును. 1983లో పీటర్ బార్త్ అను డచ్చి వైద్యుడు దీనిని వివరించెను. 1996లో జన్యువును గుర్తించిరి. ఇది ముఖ్యముగా మగబిడ్డలకు వచ్చును. గుండె కండరము బలహీనమగును, బిడ్డ త్వరగా అలసిపోవును, తెల్లకణములు కొన్ని తగ్గుటచేత చీటికిమాటికి అంటువ్యాధులు సోకును. చెడినది మాంసకృత్తుల ఫ్యాక్టరీ కాదు, మార్పిడి చేయు ద్వారపాలకుడు కాదు. అతడు నిలుచు గచ్చు పగిలినది.

కలరాను గూర్చి చెప్పక ఈ విషయమును వదలలేను. మా తాతమ్మగారి నోట "గత్తర" అను మాట వచ్చినపుడు ఇంటిలో ఎల్లరును మౌనము వహించెడివారు. ఆమె పుట్టింటిలో ఒకే వారమున ముగ్గురు పోయిరట. దాహమని ఏడ్చు బిడ్డకు నీరు పోయరాదని ఊరి పెద్దలు కట్టడి చేసిరట. నీరు పోసిన విరేచనము హెచ్చునని వారి నమ్మకము. ఆమె తొంబదియవ యేట కూడ ఆ సంగతి చెప్పుచు, "ఒక్క చెంబెడు పోసియుంటే" అని ఆగిపోయెడిది.

1959లో కలకత్తాలో డాక్టరు శంభునాథ్ డే కలరా క్రిమి ఒక విషమును విడుచుననియు, ఆ విషమే ప్రేగులనుండి నీటిని తోడుననియు కుందేళ్ల ప్రేగులలో నిరూపించెను. ఆ విషము కణములోనికి చొచ్చుటకు ఏ తలుపు తట్టుచున్నదన్న ప్రశ్నకు సమాధానము తరువాత దొరకినది. అది మాంసకృత్తును తట్టదు, పొరలోని జీ.ఎం.1 అను క్రొవ్వును పట్టుకొనును. విషపు అణువునకు అయిదు పిడికిళ్లున్నవి. అయిదింటితోను ఆ క్రొవ్వు తలలను పట్టి లోనికి జాఱును. లోన అది ఎడతెగని సంకేతము పుట్టించగా, క్లోరైడును వెలుపలికి విడుచు ద్వారము మూయబడక తెఱచియుండును. క్లోరైడు వెంట సోడియము, వాని వెంట నీరు. కొన్ని గంటలలో మనిషి ఎండిపోవును.

అయితే ఆ ప్రేగు పొరలోనే మఱియొక ద్వారపాలకుడు కలరా దెబ్బకు చెక్కుచెదరక నిలిచియుండును. అతడు రెండు సోడియము అయానులను ఒక గ్లూకోజు అణువును జోడించి లోనికి తెచ్చును. వానితో నీరు వచ్చును. ఉప్పు ఒక్కటి ఇచ్చిన అతడు కదలడు, చక్కెర ఒక్కటి ఇచ్చినను కదలడు, రెండును కావలెను. ఈ జోడింపును 1960లో రాబర్ట్ క్రేన్ ప్రాగు నగరపు సభలో ప్రతిపాదించెను. 1971లో తూర్పు బెంగాలు కాందిశీకులు లక్షలుగా సరిహద్దు దాటి వచ్చినపుడు, బన్‌గావ్ శిబిరమున సెలైను సీసాలు చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పును, గ్లూకోజును, వంటసోడాను నీటిలో కలిపి డ్రమ్ములలోనుండి రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. అచ్చట నూటికి 30 దాక ఉండిన మరణములు 4 లోపునకు దిగినవి. నేడు మన ఇండ్లలో ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉండుటకు అదియే మూలము. పొర సంగతి తెలిసినవారు మా తాతమ్మగారి ఊరిలో లేకపోయిరి. పొట్లము ఖరీదు కొన్ని రూపాయలు.

ఇంతవఱకు విన్న సోదరీమణులు ఒక ప్రశ్న అడుగుదురని నాకు తెలియును. అట్లయిన ఏ నూనె వాడవలెను? కొలెస్టరాలు మాట యేమి? కొలెస్టరాలు పొరలో ముఖ్యమైన క్రొవ్వు. అది వేడికి పొరను మఱీ పలుచబడనీయదు, చలికి మఱీ గట్టిపడనీయదు. సోడియము పొటాషియము పంపునకు అది ఎంత దగ్గఱ చుట్టమనగా, 2009లో సొఱచేప పంపు ఆకృతిని జపానువారు వెల్లడించినపుడు పంపు ప్రక్కనే కొలెస్టరాలు అణువు ఒదిగి కనబడినది. కాని ఇంతమాత్రమున "కొలెస్టరాలు మంచిదే"యని వైద్యుడిచ్చిన మాత్రలు మానివేయరాదు. పొరలోని కొలెస్టరాలు వేఱు, రక్తనాళపు గోడలో పేరుకొను కొలెస్టరాలు వేఱు. పొరకు కావలసినదానిని కణము తానే తయారుచేసికొనగలదు. నూనె విషయమును ఇట్టిదే. మనము తిన్నదానిని ఉన్నదున్నట్లు కణము పొరలో పెట్టుకొనదు. కొన్ని తోకలను కోసి, కొన్నింటికి వంకర పెట్టి, తనకు తగినట్లు కుట్టుకొనును. 1974లో సినెన్స్కీ అను శాస్త్రజ్ఞుడు ఇ.కోలైని వేర్వేఱు ఉష్ణోగ్రతలలో పెంచి చూడగా, చలిలో పెరిగినవి వంకర తోకలను హెచ్చించుకొని పొర పలుచదనమును ఒకే స్థితిలో నిలుపుకొన్నవి. ఢిల్లీ చలిలో నేయి కరగించుటకు మనకు పొయ్యి కావలెను. ఆ క్రిమికి పొయ్యి అక్కఱలేదు.

వంకర తోకల మాట వచ్చినది గనుక ఇంకొక ప్రయోగము చెప్పి ముగించెదను. ఎలుక వెచ్చని రక్తము గలది, కప్ప చల్లని రక్తము గలది. రెండింటి ఉష్ణోగ్రతను సమానము చేసి చూచినను ఎలుక సోడియము పంపు కప్ప పంపుకంటె వేగముగా తిరుగును. ఎలుక మాంసకృత్తు మేలైనది కాబోలునని ఎవరైన అనుకొందురు. ఆస్ట్రేలియాలో వొలొంగాంగ్ విశ్వవిద్యాలయమున పాల్ ఎల్స్, ఆయన తోడివారు ఒక మార్పిడి చేసి, 1999లో ప్రకటించిరి. ఎలుక పంపునుండి దాని క్రొవ్వును తీసి గోదురుకప్ప క్రొవ్వును చేర్చిరి. కప్ప పంపునకు ఎలుక క్రొవ్వును చేర్చిరి. ఎలుక పంపు మందగించినది. కప్ప పంపు వేగిరపడినది.

వేగమునకు మూలము మొత్తముగా పొర మెత్తదనమా, లేక ఫలానా క్రొవ్వు ఫలానా గాడిలో కూర్చుండుటయా యన్న వాదము శాస్త్రజ్ఞుల నడుమ ఇంకను తెగలేదు. అతిశీతలమున ఘనీభవింపజేసి తీయు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినీ చిత్రములు, 2017లో నోబెల్ బహుమానము పొందిన విద్య, ఇప్పుడు మాంసకృత్తుల గాడులలో ఒదిగియున్న క్రొవ్వు తోకలను ఒక్కొక్కదానిని చూపుచున్నవి. ఆ చిత్రములు రెండు మూడు నా వద్దనున్నవి. విరామ సమయమున ఆ కిటికీ ప్రక్కనున్న బల్లపై పఱచెదను. పిల్లలు మొదట చూతురుగాక.